చేపల తొట్టి మీద కొత్త పెంకులు

చీకటి పక్షం, ద్వాదశి

లెక్కల గది దినచర్య ఇకమీదట నేను రాయాలని ఉత్తర్వయింది. ఈ గదిలో ఉండేది ఇద్దరం. ఒకరు మా అధిపతి దాట్ల విజయరామరాజు గారు, వయసు అరవై పైన. రెండోది నేను, పైడితల్లి, వయసు ఇరవై మూడు. ఇద్దరిలో ఎవరు రాయాలన్న విషయం మీద సుదీర్ఘమైన చర్చ ఏదీ జరగలేదు.

భావి తరాలవారికి నమస్కారం. ఊరు కొత్త గరివిడి. పొద్దు పొడవడానికి ఇంకా మూడు రోజులుంది. ఇక్కడ పొద్దు ఒకసారి పొడిచిందంటే పక్షం దాకా దిగదు, దిగిందంటే పక్షం దాకా రాదు. అందుకే రోజుల్ని తిథులతో లెక్కపెట్టుకుంటాం: ఎండ పక్షం, చీకటి పక్షం. కిందివాళ్ళు చంద్రుణ్ణి చూసి తిథులు పెట్టుకున్నారు. మేం ఆయన నెత్తి మీదే కాపురం పెట్టాం కాబట్టి తిథుల మీద మా హక్కు వాళ్ళకంటే పెద్దదని మా వాదన. కింద నుంచి ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఎవరూ పట్టించుకోలేదు కూడా.

ఈరోజు జరిగిన ఘనకార్యాలు: గాలి జల్లెడ దులిపాను. టీ పెట్టాను. నలభై నాలుగో లెక్క మొదలుపెట్టాను.

లెక్క పెంకుల కోసం. మాది పెంకుటూరు. ప్రతి కప్పు మీదా మాంగనీసు ఆక్సైడు పెంకులే. మా తాతలు కింద మాంగనీసు గనుల్లో పనిచేసినవాళ్ళు. ఇక్కడికొచ్చాక తమకు తెలిసిన ఖనిజంతోనే ఇల్లు కప్పుకున్నారు. ఒక్కో పెంకులో లెక్కకందనన్ని చిట్టి అయస్కాంతాలుంటాయి. చలిలో అవన్నీ బడి ప్రార్థనలో పిల్లల్లాగా ఒకే దిక్కు చూస్తూ నిలబడతాయి. అప్పుడు పెంకు లోపలి వేడిని బయటికి పోనివ్వదు. ఎండెక్కి ఒక హద్దు దాటగానే బడి వదిలినట్టు ఎవరి దిక్కు వాళ్ళు చూసుకుంటారు. అప్పుడు పెంకు వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. దీన్నే మేం మారడం అంటాం. పెంకు మారితే ఇల్లు. మారకపోతే పొయ్యి మీద గిన్నె, గిన్నె మీద మూత, మూత కింద మనం.

పాత పెంకుల్లో స్ట్రాన్షియం ఉండేది. కింద నుంచి తెచ్చింది అయిపోయింది. కొత్తవాటిలో కాల్షియం ఎక్కువ కలిపి మా బట్టీలోనే కాల్చారు. పాత పెంకు నెమ్మదిగా, మర్యాదస్తుడిలా మారేది. కొత్తది అలా కాదు. చాలాసేపు ఉలకదు, పలకదు. ఉన్నట్టుండి ఎక్కడో ఒక చుక్క దగ్గర బడి గంట మోగుతుంది. అక్కణ్ణించి అల్లరి పాకుతుంది. ఆ చుక్క ఎక్కడ లేస్తుంది, ఎప్పుడు లేస్తుంది, సగం పాకాక మొండికేసి ఆగిపోతుందా అన్నది ఆ పూట అదృష్టం. అందుకని కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి పెంకుల కప్పు కట్టి, దాని మీద ఉత్తుత్తి పొద్దు పొడిపించి, ఏమవుతుందో చూస్తాం. ఒక్కసారి చూస్తే చాలదు, యాభై సార్లు చూడాలి. ఇది రాజుగారు పెట్టిన నియమం. 

కొత్త పెంకులు మొదటగా వేసింది చేపల తొట్టి కప్పు మీద. తొట్టి నూకాలత్తది.

చీకటి పక్షం, త్రయోదశి

నూకాలత్త అంటే సూరాడ నూకాలమ్మ. చేప గుడ్ల ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని పైకి వచ్చిన మనిషి. రాకెట్టు ఊగినప్పుడల్లా తన కడుపు కంటే ముందు ఫ్లాస్కునే పట్టుకుందని ఆవిడే చెబుతుంది, అడిగినా అడగకపోయినా. ఆ గుడ్లలోంచి బతికి బట్టకట్టినవి ముప్పై ఒక్క బొచ్చె చేపలు. వాటిలో కలెక్టరమ్మ అనేది పెద్దది. మేత వేస్తే అది తిన్నాక మిగతావి తింటాయి కాబట్టి ఆ పేరు. కలెక్టరమ్మ ఇప్పుడు నిండు గుడ్లతో ఉంది. అవి పిల్లలైతే ఊరికి సొంత చేపలుంటాయి. చేపలు పోతే తొట్టిలో నాచు పెంచాలని, నూకాలత్త నాచు గోకే పనికి మారాలని కమిటీ తీర్మానం చేసి ఉంచింది. ఇంకో ఫ్లాస్కు పంపేది లేదని కింద నుంచి కబురు కూడా వచ్చేసింది. నీళ్ళు ముప్పై ఆరు డిగ్రీలు దాటితే ఈ చరిత్ర సమాప్తం.

ఆవిడ ఈరోజు తలుపు కొట్టకుండా వచ్చింది. ఆవిడకి తలుపు కొట్టే అలవాటు లేదు.

"ఏటే గుంటా, నా కప్పు సంగతేటైంది?"

"ఇంకో మూడు లెక్కలున్నాయత్తా."

"అయినయి ఏటంటన్నాయి?"

"అన్నీ మారుతుందనే అన్నాయి. నలభై ఏడుకి నలభై ఏడు."

"మరింకేటి సూత్తన్నారు? నలభై ఏడు మంది ఒకే మాట సెప్తే పెళ్ళే సేసేయొచ్చు."

"యాభై నియమం నూకాలమ్మా," అన్నారు రాజుగారు, కళ్ళజోడు మీంచి చూస్తూ.

"సెయ్యండి బావూ, సెయ్యండి. నా కలెక్టరమ్మ ఆగుతాదేటో అడగండి ముందు."

ఆవిడ వెళ్ళాక నలభై ఎనిమిదో లెక్కకి పూజ చేశాం. పూజ అంటే పెద్దదేం కాదు. లెక్కలో అదృష్టం ఉండాలంటే యంత్రం పాచికలు వెయ్యాలి. యంత్రానికి చేతులు లేవు. ఏదో ఒక నంబరు ఇచ్చి మొదలుపెడితే, దాన్ని పట్టుకుని పాచికల వరసంతా అదే తయారుచేసుకుంటుంది. మా ఊళ్ళో ఏది మొదలుపెట్టినా నంబరు ఒకటే: వెయ్యి నలభై రెండు. మొదటి రోజు మా వాళ్ళు తలుపు వేసి, హెల్మెట్లు తీసి, ఊళ్ళో గాలి పీల్చిన ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలు. బట్టీ వెలిగించినా అదే, ఉయ్యాల వేసినా అదే. నేను వేలికి పసుపు రాసుకుని ఆ నంబరు కొడతాను, రాజుగారు శుభం అంటారు, లెక్క మొదలవుతుంది. నా కుడి చూపుడు వేలు ఈ జన్మకి తెల్లబడదు.

చీకటి పక్షం, చతుర్దశి

యాభై పూర్తి. యాభైకి యాభై మారాయి. అన్నీ ఒకే డిగ్రీ దగ్గర మారాయి. ఫలితాల మధ్య తేడా: సున్నా.

రాజుగారు ఈ సున్నాను పక్క స్థావరం వారికి తెలియజేయమన్నారు. వారి జవాబు: "అద్భుతం. మాకు ఎన్నడూ రాలేదు." రాజుగారు నాచేత దాన్ని రెండుసార్లు చదివించుకుని, టీలో పంచదార ఒక చెంచా ఎక్కువ వేసుకున్నారు.

ఎండ పక్షం, పాడ్యమి

పొద్దు పొడిచింది.

నూకాలత్త పకోడీలు తెచ్చింది. తన కప్పు మారడం ముందే చూడాలట. లెక్కల తాలూకు బొమ్మలు యంత్రంలో ఉంటాయి గానీ ఎవరూ చూడరు. మారిందా, ఏ డిగ్రీ దగ్గర అన్నది చూసుకుని మూసేస్తాం. సరే, అతిథి మర్యాద కొద్దీ ఒకటి తెర మీద వేశాను. నల్లటి కప్పు, కాసేపు ఏమీ లేదు, కింద ఎడమ మూల తెల్లటి చుక్క లేచి పాలు పొంగినట్టు అంతా పాకింది.

"ఓలమ్మా! ఇంకోటెయ్యే."

పందెం పెట్టుకున్నాం. చుక్క ఎక్కడ లేస్తుందో చెప్పాలి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి పకోడీ ఇవ్వాలి. పకోడీలు ఆవిడవే కాబట్టి నాకు నష్టం లేదు. ఏడో లెక్క వేశాను. నేను మధ్యలో అన్నాను. ఆవిడ కింద ఎడమ మూల అంది. తొట్టి గదిలో అటువైపు గోడకే అమ్మవారి పటం ఉందట, అందుకని. కింద ఎడమ మూలే లేచింది. ఇరవయ్యోది వేశాను. ఆవిడ మళ్ళీ పటం మూలే. మళ్ళీ ఆవిడే గెలిచింది. ముప్పై మూడోది. నలభయ్యోది.

"సూసినావా? మా అమ్మోరు పలకతంది! ఇదేటే నీ సదువు, తే పకోడీ!"

గెలిచిన పకోడీలన్నీ కొంగులో వేసుకుని, అమ్మవారికి కొబ్బరికాయ బాకీ పడ్డానంటూ వెళ్ళిపోయింది. నా చేతిలో ఒకటి మిగిలింది. తినలేదు.

పది లెక్కల్ని ఒకే తెర మీద పక్కపక్కన వేశాను. పది కప్పులు. ఒకే క్షణంలో ఒకే మూల పది చుక్కలు లేచాయి. ఒకేలా పాకాయి. ఒకే చోట ఒకేలా వంకర తిరిగాయి.

ఒకే నంబరు ఇస్తే యంత్రం ఒకే వరస పాచికలు వేస్తుంది. ఇది డిగ్రీ రెండో ఏడాది పాఠం. నాకు అందులో మంచి మార్కులే వచ్చాయి. యాభై మంది సాక్షుల్ని పిలిచామనుకున్నాం. పిలిచింది ఒక్కణ్ణే. వాడినే యాభై సార్లు పిలిచి, ప్రతిసారీ పసుపు పెట్టి, అదే మాట చెప్పించుకున్నాం.

పక్క స్థావరం వారి "అద్భుతం"లో వెటకారం పాలు ఎంతో ఇప్పుడు బోధపడుతోంది.

అదే పాడ్యమి, మరికాసేపటికి

"రాజుగారండీ, మనకి తేడా సున్నా ఎందుకొచ్చిందో తెలిసింది."

"మన పనితనం తల్లీ."

"కాదండీ. మన పసుపు."

తెర చూపించాను. ఆయన చూశారు. మళ్ళీ వెయ్యమన్నారు. వేశాను. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. చుక్కలు మర్యాదగా అదే మూల లేచాయి.

"టమాటాల గది మాడిపోయినప్పుడు ఒక్క లెక్కని నమ్మానమ్మా. అది మారుతుందంది. మారలేదు. అందుకే యాభై అన్నాను."

"అన్నారండీ. ముహూర్తం నంబరూ మంచిదే, యాభై నియమమూ మంచిదే. రెంటినీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు."

ఆయన తెర ఆపేశారు. తర్వాత, "ముందు వేరే నంబర్లతో లెక్కలు చేద్దాం. తేలాక నూకాలమ్మకి చెబుదాం," అన్నారు.

"ముందు చెబుదామండీ."

"భయపడుతుంది."

"చేపలు ఆవిడవి కదండీ."

రాజుగారు తలుపు వైపు చూపించారు. వెళ్ళి చెప్పమనో, బయటికి పొమ్మనో నేను తేల్చుకోలేదు. వెళ్ళి చెప్పాను. నూకాలత్త కొబ్బరికాయ కొట్టబోతూ ఆగింది. నన్ను తిట్టిన తిట్లు ఈ దినచర్య స్థాయికి తగినవి కావు.

ఎండ పక్షం, విదియ

పెంకు మారాల్సింది సప్తమి, అష్టమి ప్రాంతంలో, పొద్దు నడినెత్తికి వచ్చేవేళ. చేపల్ని తియ్యాలంటే పంచమికి తియ్యాలి. ఒక్కో లెక్కకి ఆరు గంటలు పడుతుంది. ఎలా చూసినా పన్నెండుకి మించి కుదరవు.

కొత్త నంబర్లు కావాలి. మా రాజుగారికి వెయ్యి నలభై రెండు కానిది చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ఎదురైనవాళ్ళనల్లా ఒక నంబరు చెప్పమన్నాను. ప్రెసిడెంటు మెహరున్నీసా గారు చెప్పుల సైజు చెప్పారు. బట్టీ ఆయన తన పెళ్ళినాటి బరువు చెప్పాడు, అది కింద తూచిన బరువట, పైన తూస్తే ఆరో వంతే. నూకాలత్త ముప్పై ఒకటి అంది. రాజుగారు చివరికి తన డిగ్రీ హాల్ టికెట్ నంబరు ఇచ్చారు. పసుపు రాయకుండా వేలు మీట మీద పెడుతుంటే బట్టలు లేకుండా వీధిలోకి వచ్చినట్టుంది.

ఎండ పక్షం, తదియ

ఇప్పటికి ఆరు మారాయి. రెండు మొండికేశాయి. టీ పెట్టాను.

ఎండ పక్షం, చవితి

పన్నెండూ అయ్యాయి. తొమ్మిది మారాయి. మూడు మొండికేశాయి. రాజుగారి హాల్ టికెట్ మొండికేసినవాటిలో ఉంది. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

ప్రెసిడెంటు గారు లెక్కల గదికే వచ్చారు. చేపల్ని మార్చాలంటే ఒకటే చోటుంది: నేల కింద ఉన్న మంచినీళ్ళ ట్యాంకు. ఊరంతా తాగేది అదే.

"అవునా, కాదా?" అన్నారు.

"నాలుగింట మూడు పాళ్ళు అవునండీ," అన్నాను.

"నాలుగింట మూడు పాళ్ళు అవును అంటే ఏమిటి పైడీ? అవునన్న మాట. మూడు పాళ్ళ అవును మీద ఊరి మంచినీళ్ళలో చేపల్ని వదలమంటావా?"

"తక్కిన పాలు జరిగితే ఒక్క చేపా మిగలదండీ."

"ఎక్కువ వాటిని పట్టుకుంటే మారుతుందనే అనాలి," అన్నారు రాజుగారు, ఎవరి ముఖమూ చూడకుండా.

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న నూకాలత్త ముందుకొచ్చింది. "మొన్న యాభైకి యాభై అన్నారు. నాను ఎల్లి పడుకున్నాను. ఇయ్యాల పన్నెండుకి మూడు అంటన్నారు. ఆ పన్నెండిట్లో నా పెంకు ఏదో సెప్పగలవేటే గుంటా?"

"చెప్పలేనత్తా."

"మోస్తే?"

"అది నీకే తెలియాలి."

"మోస్తే కొన్ని పోతాయి. మొయ్యకపోతే అన్నీ ఉంటాయి, నేకపోతే అన్నీ పోతాయి." ప్రెసిడెంటు వైపు తిరిగింది. "మోస్తాను. ట్యాంకు మూత తియ్యమ్మా."

మెహరున్నీసా గారు తలుపు వైపు నడిచారు. "తీస్తాను. ఊరు నన్ను తిడుతుంది, నేను నిన్ను తిడతాను," అని వెళ్ళిపోయారు.

ఎండ పక్షం, పంచమి

మోశాం. నేను, నూకాలత్త, బట్టీ మనుషులు నలుగురు. వలతో పట్టడం, టబ్బులో వెయ్యడం, టబ్బును నడవాలోంచి ట్యాంకు దాకా మోయడం. బరువులు తక్కువ తూగే ఊరు కాబట్టి సులువే అనుకున్నాం. అదే పొరపాటు. ఇక్కడ చేప ఎగిరిందంటే వెంటనే దిగదు. టబ్బులోంచి లేచి, తోక ఆడిస్తూ, తీరిగ్గా పైకి పోతుంది. మొదటిది అలా ఎగిరినప్పుడు అందరం నవ్వాం. నేనైతే దానికి నమస్కారం కూడా పెట్టాను.

కలెక్టరమ్మ ఎగిరినప్పుడు తలుపు పైకమ్మికి కొట్టుకుంది. కింద పడడానికి చాలాసేపు పట్టింది. నూకాలత్త చేతులు చాచి నిలబడింది గానీ, చేతుల్లో పడేసరికే అయిపోయింది. ఇంకొకటి ట్యాంకులో వేశాక చచ్చి తేలింది.

ఇరవై తొమ్మిది చేరాయి. నూకాలత్త కలెక్టరమ్మను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. గుడ్లు కడుపులోనే ఉన్నాయి.

ఎండ పక్షం, సప్తమి

పెంకు మారింది. వెయ్యి నలభై రెండు చెప్పిన డిగ్రీకి ఇంచుమించు అక్కడే, ఎక్కడా మొండికెయ్యకుండా, పెళ్ళికూతురిలా. తొట్టిలో నీళ్ళు ఇరవై తొమ్మిది డిగ్రీలు. తొట్టిలో చేపలు లేవు.

ఎండ పక్షం, ద్వాదశి

ఊళ్ళో టీ నీచు వాసన వస్తోంది. ఎవరూ పైకి ఏమీ అనడం లేదు. నన్ను చూస్తూ తాగుతున్నారు.

కమిటీ కూర్చుంది. ముహూర్తం నంబరు మొదటే నిజం చెప్పిందని, దాన్ని కాదన్నందువల్లే కలెక్టరమ్మ పోయిందని పదిమందీ అన్నారు. ఇకమీదట పాత పద్ధతే. అయితే యాభై సార్లు దండగని మాత్రం ఇప్పుడు అందరికీ తెలిసింది కాబట్టి, వెయ్యి నలభై రెండుతో ఒక్క లెక్క చేసి, మిగతా యంత్రం సమయం బట్టీకి ఇవ్వాలి. నా పరిశోధనకి దక్కిన గుర్తింపు ఇది.

ఒక్క పెంకు ఒక్కసారి మారినంత మాత్రాన ఏదీ రుజువు కాదని చెప్పబోయాను. "చెప్పు," అన్నారు ఒకరు, టీ గ్లాసు పక్కన పెట్టి. చెప్పడం మానేశాను. రాజుగారు పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

నూకాలత్త వారం రోజులుగా నాతో మాట్లాడడం లేదు. ఎదురైతే గోడను చూస్తుంది.

చీకటి పక్షం, పాడ్యమి

చేపల్ని తిరిగి తొట్టికి తెచ్చాం. ఈసారి టబ్బుల మీద వల బిగించి కట్టింది నూకాలత్త. ఒక్కటీ పోలేదు. తహసీల్దారమ్మ అనే ఇంకో ఆడచేప కడుపు పెరుగుతోంది. ఈ సంగతి బట్టీ ఆయన నాకు చెప్పాడు.

వచ్చే ఎండ పక్షం మధ్యాహ్నానికి మళ్ళీ లెక్క కావాలి. ఈ జాతి పెంకు మారిన ప్రతిసారీ లోపల చిన్న చిన్న నెర్రెలు మిగుల్చుకుంటుంది. పోయినసారి బుద్ధిగా ఉందని ఈసారీ ఉండాలని లేదు. వెయ్యి నలభై రెండుతో ఒక్కటి చేశాం. మారుతుందంది. పని అయిపోయింది. పసుపు డబ్బా బల్ల మీదికి తిరిగొచ్చింది.

చీకటి పక్షం, విదియ

నూకాలత్త వచ్చింది. ఈసారి తలుపు కొట్టింది. పకోడీలు లేవు.

"ఒక్కటే సేసినారంట."

"కమిటీ అలా చెయ్యమందత్తా."

"కమిటీ సేపల్ని పెంచుతాదేటి?" కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇనుకో. కలెక్టరమ్మ పోనాదని నీ మీద కోపం ఉంది నాకు. నేదని అబద్ధం సెప్పను. ఇంకా కొన్నాళ్ళు ఉంటాది."

"సరే అత్తా."

"సరేటి, సరే? ఇనమంటన్నాను. యాభైకి యాభై అన్నపుడు నాను సెయ్యడానికేటీ నేదు. గుమ్మంలో కూకున్న సుట్టాన్నైపోనాను. పన్నెండుకి మూడు అన్నావు, లేసి నిలబడ్డాను. తప్పో ఒప్పో, నిలబడ్డాను కదా." గాలి పీల్చుకుంది. "ఆ మంచి నంబరు నాకొద్దు. ఊరందరి నంబర్లూ ఎయ్."

"ఊరందర్నీ ఎవరడుగుతారు?"

"అడిగీసినాను." వేళ్ళ మీద లెక్కపెడుతూ ఒకటొకటే చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఇంటివాళ్ళు ఏ నంబరు చెప్పారో తడుముకోకుండా నలభై చెప్పింది. అందులో ప్రెసిడెంటుది కూడా ఉంది. మళ్ళీ చెప్పుల సైజే.

నేను రాజుగారి వైపు చూశాను. యంత్రం బట్టీకి ఇచ్చేసిన మాట మా ఇద్దరికీ తెలుసు. ఆయన లేచి, పసుపు డబ్బా తీసి, సొరుగులో పెట్టి, సొరుగు మూశారు.

"బట్టీ వాళ్ళతో నేను మాట్లాడతాను. మొదలుపెట్టు తల్లీ."

"శుభం అనరా అండీ?"

"ఎన్నిసార్లని అంటాను?" అన్నారు, చిరాగ్గా.

చీకటి పక్షం, చతుర్దశి

నలభై అయ్యాయి. ఒకదానికొకటి పోలిక లేదు. చుక్కలు కప్పంతా లేచాయి: మూలల్లో, మధ్యలో, ఒకసారి నాలుగు చోట్ల ఒకేసారి. ఎక్కువ వాటిలో నీళ్ళు ఇరవై తొమ్మిది దాటేలోపు పెంకు మారింది. మొండికేసినవి ఐదు.

"ఐదు," అంది నూకాలత్త. తన అరచెయ్యి చూసుకుని వేళ్ళు ముడిచింది. "తాసిల్దారమ్మకి నిండు కడుపు. ఈపాలి వల బిగించి మోసినా కుదుపుకి గుడ్లు పోతాయి. మోస్తే గేరంటీగా పోతాయి. మొయ్యకపోతే ఐదు."

"ఐదు తక్కువేం కాదత్తా. ఎనిమిదింట ఒకటి."

"తక్కువని నానన్నానేటి?" కాసేపు తెర మీద చుక్కల్ని చూసింది. "ఒగ్గేత్తాను. ఉండనీ అక్కడే."

"పోతే?"

"పోతే నా సేతిలో పోతాయి. మీ ముహూర్తం సేతిలో కాదు."

ఎండ పక్షం, సప్తమి

తొట్టి గదిలో కూర్చుని రాస్తున్నాను. నూకాలత్త గట్టు మీద కూర్చుని ముంజేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి ఉంది. రాజుగారు కప్పు వేడిని చూపించే తెర ముందు నిలబడ్డారు. తెర అంతా నలుపు.

నీళ్ళు ఇరవై ఎనిమిది.

ఇరవై తొమ్మిది. మారిన లెక్కల్లో చాలావరకు ఈపాటికి మారాయి. తెర నల్లగానే ఉంది.

ముప్పై. చేపలు అడుగుకి దిగాయి. మోయడానికి ఇప్పుడు వేళ లేదు. నడవాలో టబ్బులు కూడా లేవు. రాజుగారు తెర దగ్గర్నుంచి, "ఏమీ లేదమ్మా," అన్నారు. ఏదైనా ఒక ఛలోక్తి వేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను.

"వేడెక్కతంది," అంది నూకాలత్త. చెయ్యి తియ్యలేదు.

ముప్పై ఒకటి. ఇది నా చేతి రాత కాదు, నోటితో చెబితే రాజుగారు రాస్తున్నారు, ఎందుకంటే నేను కూడా గట్టు మీద కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టాను. పెట్టి చేసేదేమీ లేదు.

ముప్పై రెండు.

ముప్పై మూడు దగ్గర తెర మీద చుక్క లేచింది. పై కుడి వైపు, నీళ్ళ గొట్టం కప్పును తాకే చోటు. నలభై లెక్కల్లో ఒక్కసారి కూడా అక్కడ లేవలేదు. నిలబడి కాసేపు ఆలోచించినట్టు ఆగింది. తర్వాత పాకింది. ఒక పెంకు, పక్క పెంకు, దాని పక్క పెంకు. రాజుగారు కలం పక్కన పడేశారట, ఈ వాక్యం తర్వాత నేను చేర్చింది.

ముప్పై మూడు. ముప్పై మూడు. ముప్పై రెండు. 

అడుగు నుంచి ఒక పెద్ద వీపు పైకి లేచి మా చేతుల మధ్యలోంచి దూసుకుపోయింది. నూకాలత్త తెర మీది తెల్లదనాన్ని చూస్తూ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇది ఎవులు సెప్పిన నంబరే?"

"ఎవరూ చెప్పలేదత్తా."